పదిహేనుకూ యాభైకీ నడుమ పాతకారు

ఢిల్లీ పెట్రోలు బంకులలో 2025 జూలై 1వ తేదీన ఒక క్రొత్త రకం కాపలా మొదలయింది. బంకు చూరున కెమెరా, దాని వెనుక కంప్యూటరు, ప్రక్కన పోలీసు జవాను. నంబరు పలకను చూసి బండి వయస్సు చెప్పడం కెమెరా పని. పెట్రోలు బండికి పదిహేనేళ్లు, డీజిలు బండికి పదేళ్లు దాటినట్లయితే చుక్క ఇంధనం పోయరాదని ఉత్తర్వు. వారం తిరగకుండానే ఆ కాపలా సడలిపోయింది. జనం గగ్గోలు పెట్టారు. ఉత్తర్వును నిలిపివేయవలసిందని ఢిల్లీ ప్రభుత్వమే వాయు నాణ్యతా నిర్వహణ కమిషనుకు లేఖ వ్రాసింది.

ఈ వివాదం నిన్న మొన్న పుట్టినది కాదు. 2014, 2015 సంవత్సరాలలో జాతీయ హరిత ట్రిబ్యునలు ఇచ్చిన ఆదేశాలను 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాయపరచింది. కేవలం వయస్సును పట్టుకుని యజమానులపై కఠిన చర్యలు తీసుకోరాదని అదే న్యాయస్థానం 2025 ఆగస్టు 12న ఆదేశించింది. ఆ రక్షణను డిసెంబరులో బి.ఎస్.-4, ఆపై ప్రమాణాలు గల బండ్లకు మాత్రమే పరిమితం చేసింది. అంతకు పూర్వపు కార్లకు రాజధానిలో మళ్లీ గండమే అన్నమాట.

ఈ తర్జనభర్జనలు జరుగుతున్న రోజులలోనే భిలాయ్ నుంచి ఒక తెలుగు పెద్దమనిషి ఈ విలేఖరికి టెలిఫోను చేశారు. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఇంచుమించు నలభై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఫోర్‌మన్ ఆయన. స్వస్థలం శ్రీకాకుళం జిల్లా. "బాబూ, మీ ఢిల్లీలో పాతకారును తుక్కు, తుక్కు అంటున్నారు గదా. తుక్కు అంటే ఏమిటో తెలిసినవాళ్ల ఊరు మాది. ఒకసారి వచ్చి మా మాట కూడా వినండి" అన్నారు. కార్ల గురించి కార్లు అమ్మేవారు చెబుతారు, మంత్రులు చెబుతారు, న్యాయమూర్తులు చెబుతారు. ఇనుమును కరిగించినవాడు ఏమి చెబుతాడో వినవలసిందేననిపించి దుర్గ్ వెళ్లే రైలెక్కాను.

పట్టాల ఊరు, రేకుల కార్లు

భిలాయ్ పుట్టుపూర్వోత్తరాలు రాజకీయాలు ఎరిగిన పాఠకులకు క్రొత్త కావు. రెండవ పంచవర్ష ప్రణాళికకు నాంది పలుకుతున్న రోజులలో, 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. రూర్కెలాకు జర్మనులు, దుర్గాపూరుకు బ్రిటిషువారు, భిలాయ్‌కి రష్యనులు సాంకేతిక సహాయం అందించారు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి శ్రీ రాజేంద్రప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. మరుసటి ఏడు సోవియట్ ప్రధాని కృశ్చేవ్ స్వయంగా వచ్చి చూసి వెళ్లారు. నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లా పల్లెల నడుమ సెక్టార్లు, క్వార్టర్లు, చెట్ల నీడ గల వెడల్పాటి రోడ్లతో ఒక పట్టణం లేచింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడేనాటికి మూడు తరాల తెలుగువారికి అది సొంత ఊరయిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల యాస నేటికీ ఈ సెక్టార్లలో చెవిని పడుతూనే ఉంటుంది.

ఇంతటి ఉక్కు నగరంలో కారు రేకు తయారు కాదు. భిలాయ్ ప్రతిష్ఠ అంతా రైలు పట్టాలతో ముడిపడి ఉంది. వాటితోపాటు దూలాలు, కడ్డీ తీగ, మందపాటి ప్లేట్లు ఇక్కడ తయారవుతాయి. ఇప్పుడు 260 మీటర్ల పొడవు గల పట్టాల పలకలు కూడా ఇక్కడి నుంచి పోతున్నాయి. కారు ఒంటికి కావలసిన పలుచని రేకు రూర్కెలా, బొకారో, జంషెడ్‌పూర్ వంటి చోట్ల తయారయ్యే సరకు. "మేము దేశానికి పట్టా వేశాం బాబూ, కారుకు చొక్కా కుట్టలేదు" అని నవ్వారు మా ఫోర్‌మన్ గారు.

ఈ మాటలో ఒక విధాన చరిత్ర ఇమిడి ఉంది. ఆనాటి ప్రణాళికా రచయితల దృష్టిలో రైలు ప్రజల వాహనం, కారు విలాసం. కర్మాగారంలో షిఫ్టు మారే వేళ రోడ్లపై సాగిపోయింది సైకిళ్ల బారులే. కారు ఎక్కడో డాక్టరు గారి ముంగిట, పెద్ద ఇంజనీరు గారి షెడ్డులో ఉండేది. కనుకనే ఈ ఊళ్లో కారు కేవలం యంత్రం కాలేదు. అది ఒక కుటుంబం జీవితంలో వేసిన పెద్ద అడుగు. ఫోర్‌మన్ గారి అంబాసడరు 1979 నాటి మార్కు-4. దానిని ఆయన 1988లో ఒక డాక్టరు గారి వద్ద కొన్నారు. భవిష్య నిధి నుంచి కొంత తీసి, భార్య గొలుసు తాకట్టు పెట్టి కొన్న కారు అది. గొలుసు రెండేళ్లకు తిరిగి వచ్చింది, కారు నేటికీ ఉంది.

ఆదివారం నాటి పంచాయతీ

ఆదివారం ఉదయం ఆయన వరండాలో నలుగురయిదుగురు చేరారు. అందరూ కార్లంటే చెవి కోసుకునేవారే. ఏ ఇద్దరికీ అభిప్రాయం కలవదు.

అంబాసడరు పక్షాన వాదన ఫోర్‌మన్ గారే మొదలుపెట్టారు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సీరీస్ నమూనాను తెచ్చి, కలకత్తా చెంత ఉత్తర్‌పాడాలో హిందుస్తాన్ మోటార్సువారు 1957-58 ప్రాంతం నుంచి తయారు చేసిన కారు అది. ఆక్స్‌ఫర్డ్ పుట్టింట కనుమరుగయిన తరువాత కూడా అర్ధ శతాబ్దానికి పైగా ఇక్కడ నిలిచింది. 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయింది. "వెనుక ముగ్గురు పెద్దలు, వారి ఒడిలో ముగ్గురు పిల్లలు, డిక్కీలో బియ్యం బస్తా. రోడ్డున్నా పోతుంది, లేకున్నా పోతుంది" అన్నది ఆయన సిద్ధాంతం. హారను తప్ప తక్కినవన్నీ మోగుతాయని ఎవరో పాత చలోక్తి విసరగా, "మోగినప్పుడల్లా ఎక్కడ బిగించాలో తెలిసేది. ఇప్పటి కారు మోగదు, ఒక్కసారిగా పడుకుంటుంది" అని బదులిచ్చారు.

ఢిల్లీలో నివసించే విలేఖరికి ఈ కారు మరొక రూపంలో పరిచయం. తెల్లని అంబాసడరు, దానిపై ఎర్రదీపం అధికారానికి చిహ్నాలుగా దశాబ్దాల పాటు వెలిగాయి. 2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి చేసిన ఉగ్రవాదులు వచ్చింది కూడా హోం మంత్రిత్వ శాఖ దొంగ స్టిక్కరు అంటించిన తెల్లని అంబాసడరులోనే. అటుపిమ్మట ప్రధాని వాహన శ్రేణిలోకి విదేశీ కార్లు వచ్చాయి. 2017 మే 1 నుంచి ఎర్రదీపాలు తొలగిపోయాయి. రాజధానిలో ఈ కారును చూస్తే జనం ప్రక్కకు తొలగేవారు. భిలాయ్‌లో అదే కారును చూసి చేయి ఊపుతారు, ఎక్కించుకుంటారేమోనని.

రెండవవారు పద్దుల శాఖలో పనిచేసి రిటైరయిన గుమాస్తా. ఆయన ఫియట్ భక్తుడు. సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్ నెలకొల్పిన ప్రీమియర్ ఆటోమొబైల్సు కంపెనీ బొంబాయి కుర్లాలో తయారు చేసిన ఆ బండికి 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అని పేరు. చిత్తోడు రాణి పేరు పెట్టినా జనం నోట అది ఫియట్‌గానే మిగిలింది. 1089 సి.సి. ఇంజను, స్టీరింగు కడ్డీకి అమర్చిన గేరు. "అంబాసడరు నడపడం ఎద్దును అదిలించడం. ఫియట్ నడపడం వీణ మీటడం" అన్నారాయన. బొంబాయి వీధులలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరు 30న వయోపరిమితి ముగిసి నిష్క్రమించిన వార్తను పత్రిక నుంచి కత్తిరించి పర్సులో దాచుకున్నారు. ఫోర్‌మన్ గారు దానిని చూసి ఏమీ అనలేదు. ఆ ఉదయం ఆయన వాదించకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే.

మూడవవారు నెల్లూరు ప్రాంతీయులు, మద్రాసులో చదువుకున్నవారు. సహజంగానే ఆయన ఓటు స్టాండర్డ్ హెరాల్డుకు. మద్రాసు శివార్లలో వండలూరు వద్ద 1961 నుంచి తయారయిన ఈ కారు ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డుకు భారతీయ రూపం. దాని ఆకృతిని ఇటలీ శిల్పి మికెలోటి తీర్చిదిద్దాడు. దాని ముందు భాగమంతా, రెక్కలతో సహా ఒక్క మూతగా ముందుకు లేస్తుంది. చక్రం మీద కూర్చుని ఇంజను మరమ్మతు చేసుకోవచ్చు. "అది కారు కాదండీ, పాఠశాల. ఏ భాగం ఏ పని చేస్తుందో కంటికి కనబడేది" అన్నారు. అయితే వేగంగా మలుపు తిరిగితే వెనుక చక్రాలు లోనికి ముడుచుకునే గుణం దానికి ఉండేదని తామే ఒప్పుకున్నారు. ప్రేమించినవారి లోపం దాచని నిజాయితీ ఈ సభలో అందరిలోనూ కనిపించింది.

అంతవరకూ ఊరుకున్న ఒక రిటైర్డు ఉపాధ్యాయిని అప్పుడు నోరు విప్పారు. "అన్నయ్యగారూ, మీ కార్ల గొప్పలన్నీ విన్నాం. అంబాసడరు నడిపింది మీరు, తెల్లవారుజామున తోసింది మేము. నేను నలభయ్యవ ఏట స్టీరింగు పట్టుకున్నది మారుతి 800లో. ఉదయం తాళం తిప్పితే పలికింది. ఎవరినీ పిలవనక్కర లేకపోయింది. నా దృష్టిలో ప్రేమకు అర్హమైన కారు అది" అన్నారామె. వరండాలో కొంచెం సేపు నిశ్శబ్దం. ఆడవారి చేతికి స్టీరింగు అందించినది ఏ కారు అన్న ప్రశ్న మగవారి చర్చలో అంతవరకు రానేలేదు.

ఢిల్లీ ఇచ్చిన ఆయుష్షు

ఇక్కడ ఒక్క విషయం గుర్తు చేయక తప్పదు. ఈ కార్లు ఇన్నాళ్లు బ్రతకడానికి వాటి గట్టితనం ఒక్కటే కారణం కాదు. ఢిల్లీ సచివాలయాలు కూడా అందుకు కారణమే. కార్ల పంపిణీ, అమ్మకాలపై 1959లో నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 1969లో ధరలపై మరొక ఉత్తర్వు వచ్చింది. ధర ఎంత ఉండవలెనన్న తగాదా సుప్రీంకోర్టు వరకు నడిచింది. 1980 ప్రాంతంలో దేశమంతటా ఏడాదికి తయారయిన కార్లు సుమారు ముప్పై వేలు. డబ్బు చేతిలో పెట్టుకుని ఫియట్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలున్నాయి. క్రొత్తది దొరకనప్పుడు పాతదానిని బాగు చేసుకోవడం తప్ప గత్యంతరమేమున్నది? ఆ విధంగా ఊరూరా మెకానిక్కు పుట్టాడు, లేతు మిషను పుట్టింది.

సామాన్యుడికి అందుబాటులో చిన్న కారు అన్న ప్రతిపాదనను పరిశ్రమల శాఖలో శ్రీ మనుభాయ్ షా 1959లోనే కదిలించారు. కమిటీలు కూర్చున్నాయి, నివేదికలు వచ్చాయి, కారు రాలేదు. ప్రధాని కుమారుడు సంజయ్‌గాంధీ స్థాపించిన మారుతి లిమిటెడ్ 1971లో నమోదయింది. గుర్‌గావ్‌లో భూమి దొరికింది గాని కారు మార్కెట్టుకు రాలేదు. జనతా ప్రభుత్వం జస్టిస్ ఎ.సి. గుప్తా విచారణ సంఘాన్ని నియమించింది. 1980లో తిరిగి అధికారానికి వచ్చిన శ్రీమతి ఇందిరాగాంధీ ప్రభుత్వం దానిని జాతీయం చేసింది. 1982 అక్టోబరులో జపాను సుజుకీ కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళం చెవులను ప్రధాని స్వయంగా కొనుగోలుదారు చేతికి అందించారు. అపనిందల నడుమ మొదలయిన పేరు పాతిక లక్షల పైచిలుకు కార్లతో ఇంటింటి పేరయింది. 2014లో అదీ ఆగిపోయింది. అంబాసడరు, దానిని గద్దె దించిన మారుతి 800 ఒకే సంవత్సరంలో తెరమరుగు కావడం కాలం చేసిన చమత్కారం.

అచ్చిరాని కార్లు

అభిమానుల చర్చ ఎప్పుడూ గెలిచిన కార్ల దగ్గర ఆగదు, ఓడినవాటి దగ్గరకు వెళ్లి కూర్చుంటుంది. 1985లో మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ 2000 అటువంటిది. పైన ఇంగ్లండు రోవర్ ఒడ్డూపొడుగూ, లోపల పాత వాన్‌గార్డు కాలం నాటి ఇంజను. పెట్రోలు తాగడంలో ఘనాపాఠి, ధర అధికం. 1988కి దాని కథ ముగిసింది. "పట్టు పంచె కట్టి గోచీ మరచినట్లు" అన్నారు నెల్లూరు పెద్దాయన, తమ ఊరి కారని కనికరించకుండా. 

బెంగుళూరు సన్‌రైజ్ వారి బాదల్‌కు మూడే చక్రాలు. అదే ఊరి సిపానీ వారి డాల్ఫిన్‌కు నాలుగు చక్రాలున్నా ఒంటికి ఉక్కు లేదు. ఫైబరు గ్లాసు తొడుగు. ఉక్కు నగరంలో దానిపై ఎగతాళికి లోటేమున్నది? "దానిని తుక్కుకు వేసినా కొలిమి ముట్టదు" అన్నారొకరు. అయితే తేలికగా ఉండి మోటారు ర్యాలీలలో అది చాలా పెద్ద కార్లను వెనుకకు నెట్టిందన్న సంగతి కూడా వారే చెప్పారు.

సభలో చిన్నవాడు రాయపూరులో ఉద్యోగం చేస్తున్న ముప్పై ఏళ్ల యువకుడు. తండ్రి నుంచి వచ్చిన కాంటెసా అతని వద్ద ఉంది. ఇంగ్లండులో వాక్స్‌హాల్ నమూనాగా పుట్టిన ఈ కారును 1980ల నుంచి 2002 వరకు ఉత్తర్‌పాడాలో తయారు చేశారు. మొదట అంబాసడరు ఇంజనుతో అంత బరువును లాగలేక ఆయాసపడింది. తరువాత జపాను ఇసుజు ఇంజను వచ్చి దానికి ప్రాణం పోసింది. "ఇది మా నాన్నగారి ప్రమోషను. అమ్మితే ఏమి వస్తుందండీ?" అన్నాడా యువకుడు. ఇటువంటి లెక్క ఏ తుక్కు కేంద్రం తూకంలోనూ తేలదు.

తుక్కు ధర్మం

మధ్యాహ్నం పవర్‌హౌస్ ప్రాంతంలో ఒక మెకానిక్కు షెడ్డుకు తీసుకువెళ్లారు. తాత విజయనగరం నుంచి వచ్చాడు. మనుమడు సగం తెలుగు, సగం ఛత్తీస్‌గఢీ మాట్లాడతాడు. అతని అభిప్రాయాలలో ప్రేమ తక్కువ, అనుభవం ఎక్కువ. పాత ఇంజన్ల వాల్వుల పీటలకు ఒకప్పుడు పెట్రోలులోని సీసమే రక్షగా ఉండేది. 2000లో దేశమంతటా సీసం తీసివేశారు, గాలికి అది మేలే. అయితే ఆ ఇంజన్లకు గట్టి ఉక్కుతో క్రొత్త పీటలు బిగించవలసి వచ్చింది. ఇప్పుడు పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ల ఇథనాలు కలుస్తున్నది. పాత కార్బురెటరులోని రబ్బరు వాషర్లు, గొట్టాలు దానికి తట్టుకోలేవు. అవన్నీ మార్చాలి. "సామాను దొరకదు సార్, చేయించాలి. చేయించగలిగినంత కాలం బండి బ్రతుకుతుంది" అన్నాడు. ఈ పని తెలిసిన చేతులు కూడా తగ్గిపోతున్నాయని, తన కొడుకు లేతు ముట్టడని మరొక మాట కలిపాడు.

తిరుగు దారిలో ఈ విలేఖరి ఫోర్‌మన్ గారిని సూటిగానే అడిగాడు. ఢిల్లీలో చలికాలం ఊపిరి ఆడదు. పొగలో పాత బండ్ల పాలు కూడా ఉన్నది. చెడిపోయినదానిని కొలిమికి పంపడం తప్పా? 

ఆయన సమాధానం ఊహించినట్లు లేదు. "తప్పు కాదు, ధర్మం. నేను స్టీలు మెల్టింగు షాపులో పనిచేసినవాడిని. ఓపెన్ హార్త్ రోజుల నుంచి టన్నుల కొద్దీ తుక్కు కొలిమిలో వేశాం. కన్వర్టరులోనూ కరిగిన ఇనుముతో పాటు తుక్కు వెయ్యాల్సిందే, వేడిని అదుపులో పెట్టేది అదే. పనికిరాని బండి వీధిలో పొగ కక్కే కంటే ఉక్కుగా మళ్లీ పుట్టడం మేలు" అన్నారు. ఆ మాటకు లెక్కలు కూడా ఉన్నాయి. ఒక టన్ను తుక్కు 1.1 టన్నుల ఇనుప ఖనిజాన్ని, 630 కిలోల కోకింగు బొగ్గును ఆదా చేస్తుందని కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ 2019 నాటి తుక్కు విధానం చెబుతున్నది. ఒక అంబాసడరు బరువు టన్ను పైచిలుకు. దల్లీ-రాజహరా గనుల నుంచి తెచ్చే ఖనిజంలో ఆ మేరకు కలిసివస్తుంది.

"అయితే బాబూ," అని ఆయన ఆగారు. "తుక్కునైనా ఏరకుండా వెయ్యం. మూసిన డబ్బా పడితే పేలుతుంది. రాగి కలిస్తే ఉక్కు చెడుతుంది. ఏది వెయ్యాలో ఏది తియ్యాలో చూసేవాడు ఒకడు ఉంటాడు. పుట్టిన తేదీ చూసి కొలిమిలో వేసేవాడు ఉక్కు మనిషి కాడు."

పదిహేనుకూ యాభైకీ నడుమ

ఢిల్లీ శాసనాలను ఈ మాటతో గీటుపెట్టి చూస్తే లోపం ఎక్కడున్నదో బోధపడుతుంది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజి వాహనాల నమోదుకు నిబంధనలు వెలువరించింది. యాభై ఏళ్లు నిండి, మూలరూపం చెడకుండా ఉన్న కార్లు, మోటారు సైకిళ్లు మన్నన పొందుతాయి. నమోదు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఇప్పటికే నమోదయిన బండి పాత నంబరును ఉంచుకోవచ్చు. మరుసటి నెలలోనే, 2021 ఆగస్టు 13న ప్రధాని శ్రీ నరేంద్ర మోదీ తుక్కు విధానాన్ని ప్రారంభించారు. పదిహేనేళ్లు దాటిన కారు నమోదును పునరుద్ధరించే రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయలనుంచి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన తేలికపాటి వాహనాలకు 2025 ఆగస్టులో దానిని 10,000 చేశారు.

అనగా పదిహేనేళ్ల వయస్సు వరకు కారు వాహనం, యాభై తరువాత వారసత్వ సంపద. నడుమ ముప్పై అయిదేళ్లు అది ఏమిటి? ఢిల్లీ పరిసరాలలో అయితే నేరస్థుడు, లేదా ఎన్.ఓ.సి. పట్టుకుని పరాయి రాష్ట్రానికి తరలిపోయే శరణార్థి. ఇతర చోట్ల ఏటికేడు భారమయ్యే ముద్దాయి. పదిహేనవ ఏట చంపబడిన కారు యాభయ్యవ ఏట గౌరవం అందుకోవడం ఎట్లా? పద్మిని చివరి బండ్లు, కాంటెసాలు, తొలినాటి మారుతులు అన్నీ ఈ నడిమి మడుగులోనే ఉన్నాయి. స్వతంత్ర భారతం తన చేతులతో తయారు చేసుకున్న కార్ల తరంలో అత్యధిక భాగం ఇదే.

ఇతర దేశాలు ఈ ముడిని ఇంత బిగించలేదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ముప్పై ఏళ్లు నిండినదానిని చారిత్రక వాహనంగా గుర్తిస్తుంది. జర్మనీ 1997 నుంచి ముప్పై ఏళ్లు దాటి మూలరూపంలో ఉన్న కార్లకు ప్రత్యేకమైన నంబరు పలక ఇస్తున్నది. బ్రిటనులో నలభై ఏళ్లకు వాహన పన్ను మినహాయింపు ఉన్నది. ఆ దేశాలలోనూ వాయు కాలుష్యంపై పట్టుదల మనకంటే తక్కువేమీ కాదు. పాతకార్లు సంఖ్యలో కొద్ది, నడిచేది అంతకంటే కొద్ది అన్న ఇంగితమే వారి విధానానికి ఆధారం.

మన ప్రభుత్వానికి పాత యంత్రాల పట్ల మమకారం లేదనడానికీ వీలు లేదు. చాణక్యపురిలో 1977 నుంచి ఉన్న జాతీయ రైలు మ్యూజియంలో పాత ఇంజన్లు మెరుగుపెట్టి నిలిపారు. రైలును కాపాడిన రాజ్యానికి కారు విషయంలో ఒక మధ్యేమార్గం తోచకపోదు. వింటేజి హద్దును ముప్పై ఏళ్లకు దించడం, ఆ బండ్లు ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే నడవాలని పరిమితి పెట్టడం, తక్కిన అన్ని బండ్లనూ పుట్టిన తేదీని బట్టి కాక పొగ పరీక్ష, బ్రేకు పరీక్షలను బట్టి ఏరడం. పరీక్షా కేంద్రాలను యంత్రాలతో నడుపుతామని ప్రభుత్వమే చెబుతున్నది. వాటిపై నమ్మకమున్నప్పుడు క్యాలెండరుతో పని ఏమి? ఈ పని చట్టసభలలో ఎవరైనా ఒక్క సభ్యుడు ప్రశ్నగా లేవనెత్తినా కదలిక వస్తుంది. తెలుగు సభ్యులకు ఇందులో ఆసక్తి ఉండవలసిన కారణం కూడా ఉన్నది. పాతకారును ఢిల్లీ ధనికుడు వేడుకగా దాచుకుంటాడు. భిలాయ్‌లో, విశాఖలో, విజయవాడ ఆటోనగరులో దానిని నిలబెట్టేది చేతిపనివాడు. ఆ బండ్లు పోతే వారి విద్య కూడా పోతుంది.

సాయంకాలం ఫోర్‌మన్ గారు తమ అంబాసడరులోనే సుపేలా బజారుకు తీసుకువెళ్లారు. చలిగాలికి ఇంజను మొదట మొరాయించి, మూడవసారికి పలికింది. వంకాయలు, ముల్లంగి, ఇంటికి కావలసిన సరుకులు వెనుక సీటులో వేసుకున్నాం. దారిలో ఎవరో తెలుగు కుర్రాడు చేయి ఎత్తగా ఆపి ఎక్కించుకున్నారు.

ఆ కారుకు 2029లో యాభై ఏళ్లు నిండుతాయి. ఇప్పటి నమోదు గడువు కూడా ఆ ఏడే ముగుస్తుంది. 10,000 రూపాయలు చెల్లించి మామూలు కారుగా కొనసాగించవచ్చు, ఏ రోజున వయోపరిమితి ఢిల్లీ పొలిమేర దాటి వస్తుందోనన్న దిగులుతో. లేదా 20,000 చెల్లించి వింటేజి గౌరవం పొందవచ్చు. అయితే ఆ గౌరవానికి ఒక షరతు ఉన్నది. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో తప్ప రోజువారీ పనులకు ఆ కారు రోడ్డెక్కరాదు.

"అంటే వంకాయలకు రాకూడదన్నమాట" అన్నారాయన స్టీరింగు మీద చేయి వేసి. "కూరగాయలకు పోని కారును ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాం బాబూ? ఆ మాట ఢిల్లీలో ఒకసారి అడిగి చెప్పండి."

అడగడానికే ఈ వారం ఈ లేఖ.